బ్రేకు ప్యాడ్లు, డిస్కులు మార్చే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కంపెనీ అమర్చిన బ్రేకు ప్యాడ్లు, డిస్కుల స్థానంలో ఇంకా మెరుగైనవి వేయించుకోవాలనుకునేవారి నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి, అందరికీ పనికివచ్చే వాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది ఐదుగురి కుటుంబం. ఏడేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ వాడుతున్నాం. తిరుమల నుంచి దిగేటప్పుడు చివరి మలుపుల దగ్గర మాడు వాసన వస్తోంది, బ్రేకు పట్టు తగ్గినట్టు అనిపిస్తోంది. రంధ్రాలున్న పెద్ద డిస్కులు వేయించుకోమని మా మెకానిక్ అంటున్నారు. వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: డిస్కుల సంగతి తరువాత చూద్దాం. పట్టు తగ్గిందనిపించినప్పుడు పెడల్ మీ పాదం కింద ఎలా ఉందో ముందు గుర్తు చేసుకోండి. పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉండి, ఎంత బలంగా తొక్కినా కారు వేగం తగ్గకపోతే, వేడికి పట్టు కోల్పోయినవి ప్యాడ్లు. అలా కాక పెడల్ మెత్తబడి, తొక్కేకొద్దీ కిందికి దిగిపోతుంటే, మరిగింది బ్రేకు ఆయిల్. ఈ రెండు జబ్బులకూ మందులు వేరు. రెండో దానికి ఎంత ఖరీదైన డిస్కు వేసినా ఉపయోగం ఉండదు.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత దగ్గర నుంచి నెమ్మదిగా చేరే ఆ నీరు ఆయిల్ మరిగే ఉష్ణోగ్రతను బాగా దించేస్తుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఉండాలి. తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 రకానికి ఇవే హద్దులు 230, 155; డాట్ 5.1 రకానికి 260, 180. ఆయిల్ మరిగితే, ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు గానీ ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే పాదం బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోయి, ప్యాడ్ల దాకా చేరదు. ఏడేళ్లలో మీ కారుకు బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో చూడండి. రెండేళ్లు దాటి ఉంటే అన్నింటికన్నా ముందు అదే మార్పించండి. పై నుంచి కొంచెం పోసి నింపడం మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పూర్తిగా బయటికి వచ్చేదాకా తీసి, గాలి లేకుండా చేయాలి. మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 4 గానీ 5.1 గానీ పోయవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, పేరు దగ్గరగా ఉన్నా దానికీ వీటికీ పొసగదు. పొరపాటున కూడా కలపకూడదు.

ఇక వేడి లెక్క. తిరుమలకూ తిరుపతికీ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి మీ కారు 1,400 కిలోలు ఉంటుందనుకుంటే, అంత ఎత్తు దిగేసరికి అది వదిలించుకోవలసిన శక్తి దాదాపు 9,600 కిలోజౌళ్లు. అదే కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే పుట్టేది 540 కిలోజౌళ్లే. అంటే ఒక్క దిగుడు ప్రయాణం వంద కిలోమీటర్ల వేగంలో కారును పద్దెనిమిది సార్లు ఆపడంతో సమానం. ఇందులో మూడో వంతు వరకు టైర్లే రోడ్డు మీద దొర్లుతూ మింగేస్తాయి. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు ఉండటం వల్ల ఆ మేలు దక్కుతుంది. మిగిలిన రెండు వంతులు ఇంజిన్ మోయాలా, బ్రేకులు మోయాలా అన్నది గేరు నిర్ణయిస్తుంది. మొదటి నుంచీ రెండో గేరులో దిగితే భారం చాలావరకు ఇంజిన్ మోస్తుంది. నాలుగో గేరులోనో న్యూట్రల్‌లోనో దిగుతూ బ్రేకు మీద పాదం ఆనించి ఉంచితే ఆ వేడంతా నాలుగు చక్రాల దగ్గరే, అందులోనూ ఎక్కువ భాగం ముందు చక్రాల దగ్గరే చేరుతుంది. వేగం తక్కువ కనుక చల్లార్చే గాలి కూడా అంతగా తగలదు. ఆటోమేటిక్ కారైతే లివరును కింది గేరు స్థానానికి మార్చి దిగాలి. బ్రేకు వేయవలసి వచ్చినప్పుడు కాస్త గట్టిగా వేసి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేయండి. సన్నగా నొక్కి ఉంచడమే ప్యాడ్లకు అన్నింటికన్నా చేటు.

గ్యారేజీలో మరో రెండు చూపించుకోండి. మీ కారుకు వెనుక డిస్కులకు బదులు డ్రమ్ములే ఉండి ఉంటాయి. వాటి లోపల ప్యాడ్ల పని చేసే షూలు అరిగో, సర్దుబాటు మర బిగుసుకుపోయో వెనుక బ్రేకు సరిగా పట్టకపోతే ముందు డిస్కులు వాటి వంతు పని కూడా చేయవలసి వస్తుంది. రెండోది, కాలిపర్ జారే పిన్నులు. సాపు రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆగి, చక్రాన్ని తాకకుండా ఒక్కొక్క చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. ఒక పక్క మాత్రమే సెగ కొడుతుంటే ఆ కాలిపర్ వెనక్కి వదలడం లేదని అర్థం. ఆ పిన్నులకు బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి, పిన్ను ఇంకా బిగుసుకుంటుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా పెడల్ గట్టిగా ఉండి పట్టు తగ్గుతుంటే, అప్పుడు ప్యాడ్లు మార్చండి. కంపెనీ కొలతలోనే, కాస్త ఎక్కువ వేడిని తట్టుకునే తక్కువ లోహపు రకమో, సెమీ మెటాలిక్ రకమో మీకు సరిపోతుంది (ఈ రకాల సంగతి కింద మరో జవాబులో ఉంది). డిస్కు మందం హద్దులోపల ఉంటే పాతదే ఉంచుకోవచ్చు. లేదంటే కంపెనీ కొలత ఉన్న సాదా డిస్కు వేయించండి. రంధ్రాల డిస్కు మీకు అక్కరలేదు. ఎందుకన్నది కింద మరో జవాబులో చూడండి.

ప్రశ్న: హైదరాబాద్ – విజయవాడ రహదారి మీద వారం వారం వెళ్లివస్తుంటాను. 100 కిలోమీటర్ల వేగంలో ఇంకా తక్కువ దూరంలో కారు ఆగాలన్నది నా కోరిక. నాలుగు పిస్టన్ల కాలిపర్లు, పెద్ద డిస్కులు ఉన్న కిట్ కొంటే దూరం ఎంత తగ్గుతుంది?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఒకసారి గట్టిగా ఆపడంలో దూరం దాదాపు ఏమీ తగ్గదు. ఇది చాలామందికి నిరుత్సాహం కలిగించే మాటే అయినా, డబ్బు పెట్టకముందే తెలుసుకోవలసిన మాట.

చక్రాన్ని ఆపేది బ్రేకు, కారును ఆపేది టైరు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. మీ కారులో అది ఉంటే, ఖాళీగా ఉన్న పొడి రోడ్డు మీద, వెనుక ఎవరూ లేనప్పుడు, 50 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారిగా పెడల్ పూర్తిగా తొక్కి చూడండి. పాదం కింద టకటకమని కొట్టుకుంటే ఏబీఎస్ పని చేస్తోందన్నమాట. అంటే ఇప్పుడున్న బ్రేకుకే చక్రాన్ని బిగబట్టేంత బలం ఉంది, ఇక హద్దు టైరు పట్టుదే. మంచి టైర్లతో పొడి రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 40–45 మీటర్లు పడుతుంది. అరిగిన టైర్లతో, తడి రోడ్డు మీద ఆ దూరం ఎంతో పెరిగిపోతుంది. కాబట్టి మీ డబ్బుకు మొదటి హక్కుదారు నాలుగు మంచి టైర్లు. ప్రమాదాన్ని చూసి పాదం బ్రేకు మీదికి చేరడానికి ఒక్క సెకను పట్టినా, ఆ వేగంలో కారు అప్పటికే 28 మీటర్లు ముందుకు పోయి ఉంటుందని కూడా మరచిపోకండి.

మరి పెద్ద బ్రేకులు ఎందుకు? వరుసగా, మళ్లీ మళ్లీ ఆపవలసి వచ్చినప్పుడు అవి అలసిపోవు. బరువైన డిస్కుకు అంతే వేడి తగిలినా ఉష్ణోగ్రత తక్కువ పెరుగుతుంది. 1,200 కిలోల కారును 100 నుంచి ఆపితే పుట్టే 463 కిలోజౌళ్లలో డెబ్బై శాతం ముందు చక్రాలకు చేరుతుందనుకుంటే, ఐదు కిలోల ఇనుప డిస్కు ఒక్కొక్కటీ ఒక్క ఆపులో సుమారు 65–70 డిగ్రీలు వేడెక్కుతుంది. ఒకటి రెండు సార్లకు ఏ డిస్కూ లెక్క చేయదు. చల్లారే వ్యవధి లేకుండా పదిసార్లు వేస్తేనే తేడా తెలుస్తుంది. మీరు తిరిగే రహదారి మీద అలాంటి అవసరం ఎన్నిసార్లు వస్తుందో మీకే తెలుసు. వేగం 80 నుంచి 100కు పెరిగితే వేడి 56 శాతం పెరుగుతుంది కనుక, వేగం కాస్త తగ్గించినా బ్రేకులకు పెద్ద ఊరటే.

కిట్‌తో వచ్చే చిక్కులు కూడా చెప్పాలి. ప్యాడ్లను నెట్టే పిస్టన్లు పెద్దవైతే వాటికి ఎక్కువ ఆయిల్ కావాలి. పెడల్ తొక్కినప్పుడు ఆ ఆయిల్‌ను పంపే మాస్టర్ సిలిండరు పాతదే అయితే పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. ముందు డిస్కు 256 నుంచి 280 మిల్లీమీటర్లకు పెరిగితే, పాదం బలం అంతే ఉన్నా ముందు బ్రేకు ప్రభావం పది శాతానికి పైగా పెరుగుతుంది. వెనుకది అలాగే ఉండిపోతుంది. అప్పుడు ముందు చక్రాలు త్వరగా ఏబీఎస్ హద్దును తాకుతాయి, వెనుక టైర్లకు పట్టు ఉన్నా వాటి చేత పని చేయించుకోలేం. కంపెనీ ఇంజినీర్లు ముందు వెనుకల నడుమ చూసి పెట్టిన పొత్తు అలా చెదురుతుంది. రిమ్ములో కాలిపర్ పట్టకపోతే రిమ్ములు, టైర్లు కూడా మార్చవలసి వస్తుంది. అయినా కిట్ పెట్టాలనే అనుకుంటే, మీ కారు మోడల్ కోసం ప్రత్యేకంగా లెక్క కట్టి తయారు చేసిన దాన్నే తీసుకోండి, బీమా కంపెనీకి ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి. లేకపోతే అదే కారు శ్రేణిలో పై మోడల్‌కు కంపెనీయే అమర్చిన పెద్ద డిస్కు, కాలిపర్ మీ కారుకు పడతాయేమో అధీకృత సర్వీసు కేంద్రంలో కనుక్కోవడం అంతకన్నా మంచి దారి.

ప్రశ్న: కొట్టులో ఆర్గానిక్, సెమీ మెటాలిక్, సిరామిక్ అని మూడు నాలుగు రకాల ప్యాడ్లు చూపించారు. ధరల్లో చాలా తేడా ఉంది. ప్యాడ్ అంచు మీద ఏవో అంకెలు, అక్షరాలు కూడా ఉన్నాయి. వీటిని చూసి మంచి చెడ్డలు తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కొంతవరకు తెలుసుకోవచ్చు. ఆర్గానిక్ రకంలో ఉక్కు ఉండదు. పీచులు, రెసిన్లు, రాపిడి పొడులు కలిపి చేస్తారు. చప్పుడు తక్కువ, డిస్కును తక్కువ అరగదీస్తుంది, చల్లగా ఉన్నా మొదటి తొక్కుకే పట్టుకుంటుంది. ఎక్కువ వేడికి మాత్రం త్వరగా లొంగుతుంది. సెమీ మెటాలిక్ రకంలో ఉక్కు పీచు, ఇనుప పొడి పాలు ఎక్కువ. వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ కీచుమనే చప్పుడు, నల్లని పొడి, డిస్కు అరుగుదల ఎక్కువ. యూరప్ కార్లలో ఎక్కువగా కనిపించే తక్కువ లోహపు రకం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది: పట్టు బాగుంటుంది, రిమ్ములు మాత్రం నల్లబడతాయి. సిరామిక్ అని అమ్మేది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది, ఊళ్లో వాడకానికి చాలా హాయి. ఖరీదు ఎక్కువ కనుక అది ఘాట్ రోడ్లకు కూడా శ్రేష్ఠమని అనుకోకూడదు. ఒకే పేరు పెట్టుకున్న రెండు కంపెనీల మిశ్రమాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండవచ్చు కాబట్టి, రకం పేరు కన్నా తయారీదారు నమ్మకం ముఖ్యం.

ఇక ఆ అంచు. ప్యాడ్‌ను పక్కకు తిప్పి పట్టుకుంటే తయారీదారు సంకేతం, మిశ్రమం సంఖ్య, వాటి పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అమెరికా వాహన ఇంజినీర్ల ప్రమాణం ప్రకారం ఆ రెండింటిలో మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో రాపిడి గుణకం, అంటే పట్టు ఎంతో తెలిపే సంఖ్య, ఏ శ్రేణిలో ఉందో చెబుతుంది. ‘ఇ’ అంటే 0.25–0.35, ‘ఎఫ్’ అంటే 0.35–0.45, ‘జి’ అంటే 0.45–0.55. రోడ్డు కార్లకు ‘ఎఫ్ఎఫ్’ చక్కగా సరిపోతుంది. ‘ఎఫ్ఇ’ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని అర్థం. ఘాట్ రోడ్ల మీద తిరిగేవారు అలాంటివి వదిలేయడం మంచిది. ‘జిజి’ అన్నది పట్టు ఎక్కువని చెబుతుందే తప్ప, మీ కారుకు మేలైనదని చెప్పదు. ఈ అక్షరాలు అంగుళం ముక్కను ప్రయోగశాలలో పరీక్షించి ఇచ్చినవి, కారుకు బిగించి పరీక్షించినవి కావు.

కారుకు సంబంధించిన హామీ కావాలంటే యూరప్‌లో అమలయ్యే ఆర్90 నిబంధన ముద్ర చూడండి. వలయంలో ‘ఇ’ అక్షరం, ఒక దేశపు అంకె, పక్కన 90ఆర్ అని ఉంటుంది. ఈ ముద్ర పొందాలంటే బదులు ప్యాడ్ పనితీరు కంపెనీ ప్యాడ్‌తో పోల్చినప్పుడు 15 శాతానికి మించి అటూ ఇటూ తేడా పడకూడదు. ఎక్కువ పట్టు ఉన్నా ఒప్పుకోరని గమనించండి. పెడల్‌కు అలవాటైన పాదం మోసపోకూడదన్నదే ఆ నియమం వెనుక ఆలోచన, నాకు చాలా నచ్చిన ఆలోచన. బాష్, బ్రెంబో, టీఆర్‌డబ్ల్యూ, మన దేశపు రానే వంటి పేర్లతో నకిలీ సరుకు తిరిగే అవకాశం ఉంది కాబట్టి అధీకృత డీలరు దగ్గరే, బిల్లుతో కొనండి. అంచు మీద ఏ రాతా లేని ప్యాడ్‌ను ధర ఎంత తక్కువైనా తీసుకోవద్దు.

ప్రశ్న: డిస్కుకు రంధ్రాలు, గీతలు ఉంటే త్వరగా చల్లబడుతుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: డిస్కును ముఖ్యంగా చల్లార్చేది రెండు పలకల మధ్య ఉన్న రెక్కల సందుల్లో నుంచి బయటికి ఊదుకుపోయే గాలి. మీ కారు ముందు డిస్కులకు ఆ సందులు ఇప్పటికే ఉండి ఉంటాయి. రంధ్రాలు ఎంత ఇనుమును తీసేస్తాయో, వేడిని దాచుకునే శక్తి అంత తగ్గుతుంది. పదే పదే వేడెక్కి చల్లబడితే పగుళ్లు మొదలయ్యేది ఆ రంధ్రాల అంచుల దగ్గరే. వానలో డిస్కు మీది నీటిపొరను త్వరగా తొలగించడం వాటి వల్ల కలిగే చిన్న లాభం. గీతలు అంత ప్రమాదకరం కావు. ప్యాడ్ ముఖాన్ని గీకి శుభ్రంగా ఉంచుతాయి, దానికి బదులు ప్యాడ్‌ను త్వరగా అరగదీస్తాయి, కొంచెం గుర్రుమనే చప్పుడు చేస్తాయి. రోజువారీ కారుకు మంచి ఇనుముతో చేసిన సాదా డిస్కే నా ఓటు. సాదా డిస్కుకు లేత్ పనివాడి చేత రంధ్రాలు వేయించుకునేవారు కూడా ఉన్నారు. అది ఎంతమాత్రం చేయకూడని పని.

ప్రశ్న: ముందు డిస్కులు, ప్యాడ్లు కొత్తవి వేయించిన రెండు నెలలకే, 80 దాటాక బ్రేకు వేస్తే స్టీరింగ్ ఊగుతోంది. డిస్కు వంకర పోయిందని, లేత్ మీద పెట్టి చదును చేయించాలని గ్యారేజీలో చెబుతున్నారు. ఇంత త్వరగా వంకర పోతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: డిస్కు నిజంగా వంకర పోవడం చాలా అరుదు. ఆ వణుకుకు అసలు కారణం డిస్కు మందంలో చుట్టూ తేడా రావడం. వెంట్రుక మందంలో ఐదో వంతు, అంటే 0.01–0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, పాదానికీ స్టీరింగుకూ తెలిసిపోతుంది. ఆ తేడా రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది బిగింపు. పాత డిస్కు తీశాక, డిస్కునూ చక్రాన్నీ బిగించే హబ్ ముఖం మీద, స్టడ్ల చుట్టూ తుప్పు పెచ్చులుగా వలయం కట్టి ఉంటుంది. చాలా గ్యారేజీల్లో దాని మీదే కొత్త డిస్కు పెట్టి బిగించేస్తారు. కంటికి కనిపించని ఆ పెచ్చు డిస్కును హబ్ దగ్గర సన్నగా వాలుస్తుంది. డిస్కు అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ వాలు పెరిగి, తిరిగే ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కు రాసుకుంటుంది. బ్రేకు వేయకపోయినా అలా వేల కిలోమీటర్లు రాసుకుని ఆ చోటు సన్నబడుతుంది. అందుకే వణుకు మొదటి రోజు కాక కొన్ని వారాలకు బయటపడుతుంది. మీ విషయంలో రెండు నెలలు పట్టిందంటే నా అనుమానం ముందు ఇక్కడికే పోతుంది. తీగ బ్రష్షుతో హబ్ ముఖం లోహం మెరిసేదాకా గీకించి, డిస్కు లోపలి ముఖం తుడిపించి, చక్రం నట్లతోనే డిస్కును బిగించి, అంచుకు కొంచెం లోపల డయల్ గేజ్ ఆనించి తిప్పి చూడమనండి. ముల్లు ఊగిసలాట 0.05 మిల్లీమీటర్ల లోపల ఉంటే మంచిది. మీ కారు సర్వీసు పుస్తకంలో హద్దు ఇచ్చి ఉంటే అదే ప్రమాణం. చక్రం నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించాలి. గాలి గన్నుతో ఒక్కొక్కటీ ఒక్కో బిగువున బిగిస్తే ఇదే ఇబ్బంది మళ్లీ మొదలవుతుంది.

రెండోది పొర. కొత్త ప్యాడ్ డిస్కు మీద తన పదార్థాన్ని పలక మీద బలపంలా పల్చగా పూస్తుంది. పట్టు చాలావరకు ఆ పొర మీదే ఆధారపడుతుంది. అది అంతటా సమంగా పడాలంటే కొత్త బ్రేకులను మొదట్లో అలవాటు చేయాలి. ప్యాడ్ తయారీదారు పద్ధతి చెప్పి ఉంటే దాన్నే పాటించండి. చెప్పకపోతే ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15 కిలోమీటర్ల వేగానికి, పూర్తిగా ఆగకుండా, మధ్యస్థంగా నొక్కుతూ ఎనిమిది పది సార్లు తగ్గించి, ప్రతిసారికీ మధ్య కొంత దూరం ఊరికే నడిపి, ఆ తరువాత పది నిమిషాలు బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ చల్లార్చండి. వేడి మీద ఉన్న బ్రేకును సిగ్నల్ దగ్గర గట్టిగా నొక్కి పట్టుకుని నిలబడితే, ప్యాడ్ ఆకారమే డిస్కు మీద మచ్చగా పడుతుంది. ఆ మచ్చ ఎక్కువ రాసుకుని, ఎక్కువ వేడెక్కి, కింది ఇనుము కూడా అక్కడక్కడ గట్టిపడుతుంది. అప్పుడు లేత్ పట్టించినా గట్టిపడ్డ చోటు మిగిలిన దానికన్నా నెమ్మదిగా అరిగి, కొన్నాళ్లకు వణుకు తిరిగి వస్తుంది.

కాబట్టి లేత్‌కు పంపేముందు హబ్ శుభ్రం చేయించి గేజ్ పెట్టించండి. లేత్ తప్పదంటే డిస్కు మీద చెక్కి ఉన్న కనీస మందం చూడండి. ఉదాహరణకు కొత్తగా 22 మిల్లీమీటర్లు ఉన్న డిస్కుకు 20 దగ్గర హద్దు ఉంటుంది. చదును చేశాక హద్దుకు చేరువగా వచ్చేటట్లయితే కొత్తవి జతగా వేయించడమే నయం. డిస్కులైనా ప్యాడ్లైనా ఎడమ, కుడి రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో ఉంటాం. రెండు రోజులు కారు తీయకపోతే డిస్కులు ఎర్రగా తుప్పు పడుతున్నాయి. తుప్పు పట్టని డిస్కులు దొరుకుతాయా? మాది విద్యుత్ కారు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ప్యాడ్ రాసుకునే ముఖం పోత ఇనుమే కాబట్టి, అక్కడ తుప్పు పట్టడం సహజం. నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే ఆ పైపొర పోతుంది. జింకు పూత ఉన్న డిస్కులు దొరుకుతాయి. వాటితో మధ్య భాగం, అంచులు, రెక్కల సందులు తుప్పు నుంచి కాపాడబడతాయి. మీ ఊరికి అవి ఖర్చు పెట్టదగినవే. అయితే మీ విషయంలో విద్యుత్ కారు కావడమే ఎక్కువ ముఖ్యం. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసి బ్యాటరీకి పంపుతుంది కనుక, ప్యాడ్లు డిస్కును రుద్దే అవకాశమే తక్కువ, తుప్పు లోతుగా దిగుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు మోటారు బ్రేకును కనిష్ఠానికి తగ్గించి, ఖాళీ రోడ్డు మీద పెడల్‌తో గట్టిగా కొన్నిసార్లు ఆపండి. మీ కారుకు ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్ల కన్నా చల్లగా ఉన్నప్పుడే పట్టే రకం సరిపోతుంది. కొండ మీద పూర్తిగా చార్జింగ్ పెట్టుకుని దిగడం మొదలుపెడితే బ్యాటరీలో చోటు లేక మోటారు బ్రేకు తగ్గిపోతుందని, అప్పుడు బరువంతా ఈ డిస్కులదేనని అరకు వెళ్లివచ్చేటప్పుడు గుర్తుంచుకోండి.

ప్రశ్న: మేం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నాం. ఇక్కడ ప్యాడ్ల పెట్టెల మీద ఒకటి, రెండు, మూడు ఆకుల గుర్తులు కనిపిస్తున్నాయి. ఎక్కువ ఆకులుంటే పట్టు ఎక్కువా?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: ఆ ఆకులకూ పట్టుకూ సంబంధం లేదు. ప్యాడ్లు అరిగినప్పుడు రాలే పొడిలోని రాగి వాననీటితో కాలువలకు, సముద్రానికి చేరి సాల్మన్ చేపలకు హాని చేస్తోందని మీ రాష్ట్రమూ, కాలిఫోర్నియా కూడా 2010లో చట్టాలు చేశాయి. 2021 నుంచి ప్యాడ్లలో రాగి 5 శాతానికి, 2025 నుంచి అర శాతానికి మించకూడదన్నది నియమం. మూడు ఆకులంటే అర శాతం కన్నా తక్కువ, రెండు ఆకులంటే 5 శాతం కన్నా తక్కువ. ఒక ఆకు ఉంటే ఆస్బెస్టాస్, సీసం వంటి వాటి హద్దులు మాత్రమే పాటించారని అర్థం. అంచు మీద ఇవే ‘ఎన్’, ‘బి’, ‘ఎ’ అక్షరాలుగా కనిపిస్తాయి. రాగి వేడిని త్వరగా పంచేది కనుక దాన్ని తీసేసినప్పుడు తయారీదారులు మిశ్రమాలను కొత్తగా కూర్చుకోవలసి వచ్చింది. పాత పేరుతోనే దొరికే ప్యాడ్ మీరు ఇదివరకు వాడిన మిశ్రమం కాకపోవచ్చు, మళ్లీ మొదటి నుంచి అలవాటు చేయండి.

ప్రశ్న: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద సొంత కారుతో నడిపే అవకాశం వచ్చింది. రేసు ప్యాడ్లు వేసుకుని అదే కారులో వెళ్లి, అదే కారులో తిరిగి రావచ్చా?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: అసలు రేసు కోసం చేసిన ప్యాడ్లతో రోడ్డు మీదికి రావద్దు. అవి వందల డిగ్రీల వేడిలో పట్టడానికి కూర్చిన మిశ్రమాలు. తెల్లవారుజామున ఇంటి నుంచి బయలుదేరగానే గేదె అడ్డం వస్తే, ఆ చల్లని ప్యాడ్ మీరు అనుకున్నంతగా పట్టదు. పైగా చల్లగా ఉన్నప్పుడు డిస్కును ఆకురాయిలా అరగదీస్తాయి. రోడ్డుకూ అప్పుడప్పుడు ట్రాక్‌కూ కలిపి చేసిన మధ్యరకం ప్యాడ్లు దొరుకుతాయి. చల్లగా ఉన్నా పనికివస్తాయని తయారీదారు స్పష్టంగా రాసిన రకమే ఎంచుకోండి.

ట్రాక్ చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. సూటిగా ఉన్న దారి చివర గట్టిగా బ్రేకు వేస్తారు, మళ్లీ నిమిషం తిరగకుండానే ఇంకోసారి వేస్తారు. వెళ్లే వారం ముందే కొత్త డాట్ 4 గానీ 5.1 గానీ పోయించి గాలి తీయించండి. ప్యాడ్ల మీద పదార్థం సగానికి పైగా ఉండాలి. సన్నబడిన ప్యాడ్ వేడిని అడ్డుకోలేక నేరుగా పిస్టనుకూ ఆయిల్‌కూ పంపేస్తుంది. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దాకా వాడుకోవచ్చునన్న లెక్క అక్కడ చెల్లదు. రెండు మూడు చుట్లు వేగంగా నడిపి, ఒక చుట్టు బ్రేకు వాడకుండా నెమ్మదిగా నడిపి లోపలికి రండి. ఆపిన వెంటనే హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి, చక్రానికి అడ్డు పెట్టండి. పెడల్ కాస్త మెత్తబడినట్టు అనిపించినా ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. నెల్లూరుకు బయలుదేరే ముందు డిస్కులు పూర్తిగా చల్లారాక, వాటి మీద గోరు తగిలే పగుళ్లు ఉన్నాయేమో, ప్యాడ్లు రెండు వైపులా సమంగా అరిగాయా, చక్రం నట్ల బిగువు తగ్గిందా అన్నవి చూసుకోండి. పెడల్ అప్పటికీ మెత్తగానే ఉంటే ఆయిల్ మరిగి లోపల ఆవిరి మిగిలిందని అర్థం. అక్కడే గాలి తీయించి, పెడల్ గట్టిపడ్డాకే రహదారి ఎక్కండి.